పేరులో ఉన్న పేను

ఆగండి, ఒక్క నిమిషం ఆగి వినండి, మధ్యలో ఆపితే తీగ తెగిపోతుంది, మళ్ళీ అందుకోవడం నా వల్ల కాదు. నేనిప్పుడు పార్లర్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. మెడ చుట్టూ నల్ల గుడ్డ బిగించి కట్టారు, చేతులు రెండూ దాని కిందే ఉండిపోయాయి, ముక్కు కొస దురదపెడుతోంది, గోక్కుందామని చెయ్యెత్తితే పార్లరావిడ "కదలకమ్మా" అంటుంది, అందుకని ముక్కు అలా దురదపెడుతూనే ఉంది, మనసేమో దాంతో సంబంధం లేకుండా ఎక్కడెక్కడో తిరుగుతోంది. నా జుట్టంతా పాయలు పాయలుగా విడదీసి ఒక్కో పాయకీ పైన ఒక రబ్బరు బ్యాండు, మధ్యలో ఒకటి, కింద ఒకటి వేసి బిగించింది ఆవిడ. అద్దంలో చూసుకుంటే నెత్తి మీంచి తాళ్ళు వేలాడేసుకున్న ఏదో సముద్రపు జంతువులా ఉన్నాను. వెనక సోఫాలో కాళ్ళూపుకుంటూ కూర్చున్న పిడుగు అప్పుడే పేరు కూడా పెట్టేసింది. "పిన్నీ, నువ్వు ఆక్టోపస్!" పిడుగంటే మా అక్క కూతురు, ఎనిమిదేళ్ళది, అసలు పేరు స్కూల్లో తప్ప ఇంకెక్కడా వాడం. దాని తల మీద నీలం ఊలు టోపీ ఉంది, ఈ ఎండలో, ఈ ఉక్కలో, చెవుల దాకా లాక్కుని పెట్టుకున్న టోపీ. దాని పక్కన జుట్టు తీసుకుని విగ్గులిచ్చే సంస్థ మేడమ్ కూర్చుంది, రిటైరైన టీచరు, కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేలాడేసుకునే రకం, ఒళ్ళో అట్టపెట్టె, ఆ పెట్టె మీద రెండు చేతులూ ఆనించి మరీ కూర్చుంది. ఆ పెట్టెలో విగ్గుంది. నేనీ కుర్చీలో కూర్చున్నది ఆ పెట్టె కోసమే.

వాళ్ళ పద్ధతి చాలా సింపుల్, జుట్టుకి జుట్టు. ఎవరైనా వచ్చి ఒక జడ ఇస్తే, తయారై ఉన్న విగ్గుల్లోంచి ఒకటి వాళ్ళు చెప్పిన పిల్లకి ఇచ్చేస్తారు, ఆ పిల్ల ఎవరైనా సరే. ఇచ్చేవాళ్ళు లేని పిల్లలు వరసలో ఉండాలి, ఆ వరస ఎప్పుడు కదులుతుందో మేడమ్‌కే తెలీదట, ఫోన్లో తనే చెప్పింది. ఇవాళ ఆదివారం. రేపు సెలవులైపోయి స్కూల్ తెరుస్తారు. జుట్టు లేకుండా స్కూలుకి వెళ్ళనని పిడుగు తేల్చి చెప్పేసింది, ఏడ్చి కాదు, కింద పడి దొర్లి కాదు, పళ్ళు తోముకుంటూ నురగ ఉమ్మేసి మామూలుగా చెప్పేసింది, "జుట్టుంటే వెళ్తా, లేకపోతే వెళ్ళను, అంతే." ఆ 'అంతే' అచ్చం మా అక్క గొంతు. మా అక్క 'అంతే' అంటే దాని తర్వాత ఇంట్లో ఫ్యాను శబ్దం తప్ప ఏం వినపడదు. ఇప్పుడు ఆ 'అంతే' కూతురికి దిగింది. పోయిన ఏడాది సగం రోజులు అది వెళ్ళలేదు, ఈసారి వెళ్ళకపోతే పేరు తీసేస్తామన్నారు, అందుకని ఆ పెట్టెలో ఉన్నది విగ్గు కాదు, మూడో తరగతి. నా జుట్టిచ్చి దానికి మూడో తరగతి తెచ్చిపెడుతున్నాను. అబ్బ, ఇలా అనుకోగానే నాకే ఒళ్ళు జలదరించింది, ఎవరికైనా మెసేజ్ పెట్టాలనిపించింది, చేతులు గుడ్డ కింద ఉన్నాయి కాబట్టి బతికిపోయారు జనం.

అసలు నేను జుట్టు పెంచడం మొదలుపెట్టింది పిడుగు కోసం కాదు. కాలేజీలో ఎవరో పెట్టిన వీడియో చూసి పెంచడం మొదలుపెట్టాను, ముక్కూ మొహం తెలియని ఏ పాపకో ఇద్దామని. రంగు వేయలేదు, వంకీలు తిప్పించలేదు, ఫ్రెండ్స్ అందరూ ఎర్ర జుట్టు, ఊదా జుట్టు చేయించుకుంటుంటే నేను మాత్రం తలకి నూనె రాసుకుని పెద్దావిడలా జడేసుకుని తిరిగాను. కొత్తగా చేరిన ఆఫీసులో అందరూ అడిగేవాళ్ళు, ఇంత జడేంటే అని. పిల్లలకి ఇస్తున్నానంటే చాలు, "క్యాన్సర్ పిల్లలకా? అయ్యో, ఎంత మంచి మనసే నీది" అని చెయ్యి పట్టుకునేవాళ్ళు, పక్క సీటావిడకైతే నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత కథ మారింది. మా అక్క కూతురికే ఇస్తున్నానన్నాను. దానికి క్యాన్సర్ కాదు, ఉట్టినే జుట్టు రాలిపోయింది అన్నాను. అదే పక్క సీటావిడ కళ్ళల్లో తిరిగిన నీళ్ళు తిరిగినట్టే వెనక్కి పోయాయి. "ఓ, జుట్టేనా? ప్రాణానికేం లేదుగా. వస్తుందిలే." జుట్టేనా. ఆ చివరి 'ఏనా' ఉంది చూడండి, చేప ముల్లులా ఇప్పటికీ గొంతులో గుచ్చుకునే ఉంది. ఏం చేస్తే మీకు సరిపోతుందండీ, పిల్ల చావుబతుకుల్లో ఉంటేనే మీ జాలి బయటికొస్తుందా, అంతకంటే తక్కువైతే తాళం వేసుకుంటారా? అడగలేదు లెండి. నవ్వి నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను. బయటికి నవ్వేసి లోపల తిట్టుకోవడంలో నేను ఫస్ట్ ర్యాంకు.

కర్ర్ర్... మొదటి పాయ. కత్తెర ఒక్కసారిగా తెగ్గొయ్యదు, నములుతుంది, చెవి పక్కనే ఎవరో పచ్చి గడ్డి నములుతున్నట్టు. తెగిన పాయని పార్లరావిడ అరచేతిలో పడుకోబెట్టి కౌంటర్ మీద తెల్ల కాగితం పరిచి దాని మీద పెట్టింది. "కుదుళ్ళు ఇటు, కొసలు అటు" అని మేడమ్ కూర్చున్న చోటు నుంచే చెప్పింది, "తిరగబడితే మొత్తం చిక్కుపడిపోతుంది, ఒక్క పాయ తిరగబడినా చాలు." వెంట్రుకకి కూడా పైన చేప పొలుసుల్లాంటివి ఉంటాయట, అన్నీ ఒకే వైపుకి వాలి ఉంటాయట, ఎదురు పెడితే ఒకదాన్నొకటి పట్టుకుని వదలవట. నాకు భలే నచ్చింది ఆ మాట. మా ఇంట్లోవాళ్ళం కూడా అంతే కదా అనుకున్నాను, అందరం ఒకే వైపు వాలి ఉన్నంతసేపు బానే జారిపోతాం, ఒకళ్ళు ఎదురు తిరిగారా ఇంక చిక్కే. పిడుగు వచ్చి కౌంటర్ అంచు పట్టుకుని ఆ పాయని చూసింది, వేలితో ముట్టుకుంది. "ఇంక ఇది నీది కాదా పిన్నీ?" "కాదు." "నొప్పి పుట్టిందా?" "పుట్టలేదే." "మరి నాది రాలిపోయినప్పుడు కూడా నొప్పి పుట్టలేదు" అంది, ఇద్దరికీ ఒకే పరీక్షలో ఒకే మార్కులు వచ్చినట్టు.

అది రాలిపోయిన రోజులు. ముందు అక్కే చూసింది. స్కూలుకి రెండు జడలు వేస్తూ వేస్తూ దువ్వెన పట్టుకున్న చెయ్యి గాల్లో ఆపేసింది, నేను గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాను, "ఒసేయ్, ఇట్రా ఒకసారి" అంది, ఆ గొంతు విని ఒక కాలికి చెప్పుతోనే లోపలికి వెళ్ళాను. చెవి వెనకాల గుండ్రంగా, నున్నగా, బిళ్ళంత చోటు, ఎవరో రబ్బరు పెట్టి తుడిచేసినట్టు. కాగితం అయితే తుడిచినా గీత మిగులుతుంది, ఇక్కడ అదీ లేదు. తర్వాత రెండో బిళ్ళ, మూడో బిళ్ళ, బిళ్ళలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తలకాయ ఏదో దేశాల పటంలా అయింది, ఆ తర్వాత పటంలో దేశాలు కూడా మిగల్లేదు. దిండు మీద జుట్టు, సబ్బుకి జుట్టు, బాత్రూం జాలీలో జుట్టు. అక్క అదంతా ఏరి ఒక కవర్లో వేసేది, ఎందుకే అంటే "ఏమో" అనేది. ఉల్లిపాయ రసం రాసింది, వెల్లుల్లి రాసింది, ఎవరు ఏం చెబితే అది రాసింది, పిల్ల దగ్గరికొస్తే వంటింట్లో అడుగుపెట్టినట్టు ఉండేది. బావకి బట్టతల, ముప్పై ఏళ్ళకే మొత్తం పోయింది, ఆయన వాతావరణం తేలిక చేద్దామని, "నాకు ముప్పై దాకా ఆగింది, దీనికి ఏడేళ్ళకే అయిపోయింది, తండ్రిని మించిపోయింది నా కూతురు" అన్నాడు, పిడుగు పకపకా నవ్వింది, నేనూ నవ్వాను, అక్క చేతిలో గిన్నె నేలకేసి కొట్టింది. పాపం, ఆ గిన్నెకి పడిన సొట్ట ఇప్పటికీ ఉంది, దాన్ని చూసినప్పుడల్లా బావ గొంతు సవరించుకుంటాడు.

స్కూల్లో 'ఎలర్జీ' అని చెప్పమంది అక్క. పిల్లలకి ఎలర్జీతో ఏం పని, 'బల్బు' అన్నారు, 'గుండు సూది' అన్నారు, ఒకడు టోపీ లాక్కుని గ్రౌండంతా పరిగెత్తాడు, టీచరమ్మ వాడికి ఒకటి వేసి టోపీ తెచ్చిచ్చింది కానీ అందరూ చూసేశారు కదా, చూసింది మళ్ళీ కళ్ళల్లోంచి తీసెయ్యలేం కదా. అప్పటి నుంచి టోపీ మంచం మీద కూడా తియ్యదు. నా పక్కనే పడుకుంటుంది, అక్క నైట్ షిఫ్టు కాబట్టి, నా జడ కొస మెడ చుట్టూ వేసుకుని మఫ్లర్‌లా చుట్టుకుని నిద్రపోతుంది, నేను పక్కకి తిరగాలంటే ముందు దాన్ని విప్పుకోవాలి. కొన్నిసార్లు నా జడ విప్పి మళ్ళీ వేస్తుంది, వంకరగా, వదులుగా, పొద్దున్నే ఆఫీసుకి టైమైపోతుంటే నేను అదే జడతో వెళ్ళిపోతాను. పక్క సీటావిడ ఒకసారి, "ఇవాళ ఎవరేశారే ఈ జడ, కళ్ళు మూసుకుని వేశారా" అంది. లేదండీ, కళ్ళు తెరుచుకునే వేసింది.

ఇక ఆ మాట. దాని సంగతి చెప్పాలి, ఇదంతా దాని వల్లే. డాక్టరు చెప్పిన పేరు పొడుగ్గా ఉంది, నోరు తిరగదు, పిడుగు రెండుసార్లు ప్రయత్నించి "అలో... అలో... హలో" అనేసి ఫోనెత్తినట్టు నటించింది. నాకేమో ఏదైనా సరే తెలుగులో ఉంటే బాగుండుననిపించింది, వెతికాను, దొరికింది. పేనుకొరుకుడు. ఎంత ముద్దుగా ఉందో చూడండి, ఏదో ఆటలా, బొంగరాలాటలా ఉంది. పేను కొరికిందేమో అనుకుని ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు, అసలు పేనుకీ దీనికీ వీసమెత్తు సంబంధం లేదు, ఒంట్లో ఉన్న కాపలావాళ్ళే పొరబాటున సొంత కుదుళ్ళ మీద పడి కొట్టేస్తున్నారని డాక్టరు బొమ్మ గీసి మరీ చూపించింది, అంటుకోదు, ఒకరి నుంచి ఇంకొకరికి రాదు. అక్క 'ఎలర్జీ అని చెప్పు, ఎక్కువ మాట్లాడకు' అంటుంటే నాకు మహా కోపం వచ్చేది, పిల్లకి దాచుకోవడం నేర్పిస్తే అది జీవితాంతం దాక్కునే ఉంటుంది కదా, నేను చదువుకున్నదాన్ని, నాకు తెలుసు కదా ఇవన్నీ. ఇవాళ బస్సులో వస్తూ పిడుగుకి నేర్పించాను. "ఎవరైనా అడిగితే తల దించుకోకు. జబ్బు పేరు గట్టిగా చెప్పు. ఏం చెప్తావ్?" "పేనుకొరుకుడు!" "గట్టిగా." "పేను! కొరుకుడు!" ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. మేమిద్దరం అరచేతులు చరుచుకున్నాం.

మేడమ్ పెట్టె తెరిచింది. "మిగతావి కోసేలోపు దీన్ని పెట్టి చూద్దామా?" పిడుగు అద్దం ముందుకొచ్చి నిలబడింది. టోపీ మీద చెయ్యి వేసి నా వైపు చూసింది, అద్దంలో ఉన్న నా వైపు, నేను తలూపాను, పాయలన్నీ ఊగాయి. తీసేసింది. పరాయివాళ్ళ ముందు దానంతటది తియ్యడం అదే మొదటిసారి, ఏసీ గాలి తగిలి భుజాలు పైకి లాక్కుంది. మేడమ్ చేతులు మెత్తగా ఉన్నాయి, ముందు నుదుటి దగ్గర ఆనించి, వెనక్కి లాగి, చెవుల దగ్గర సర్ది, "అబ్బో, ఎవరీ అమ్మాయి!" అంది. మెడ దాకా వచ్చే నల్లటి జుట్టు, పాపిడి పక్కకి. పిడుగు తల కుడికి తిప్పింది, జుట్టు కదిలింది. ఎడమకి తిప్పింది, కదిలింది. మొహం ముందుకి పడిన పాయని వేలితో చెవి వెనక్కి తోసుకుంది. అంతే, ఆ ఒక్కటీ. చెవి వెనక్కి తోసుకోవడం. ఏడాది నుంచీ చెయ్యని పని అసలు మర్చిపోనట్టు దాని వేలు చేసేసింది, నాకు ముక్కు దురద కూడా తెలియలేదు. పార్లరావిడ కత్తెర పట్టుకుని అలానే చూస్తూ ఉండిపోయింది, ఆవిడకీ కూతురుందో ఏమో, పిడుగు చెంప నిమిరి, "బంగారుతల్లీ, ఎంత కష్టమొచ్చిందే నీకు. కీమో పెట్టారా నాన్నా?" అంది. ఆ 'నాన్నా' చాలా తియ్యగా ఉంది.

"కాదు ఆంటీ" అంది పిడుగు, మెడ నిటారుగా పెట్టి, నేర్పించినట్టే, గట్టిగా, ఒక్క అక్షరం మింగకుండా. "పేనుకొరుకుడు."

చెంప మీదున్న చెయ్యి లేచిపోయింది. ఎలా లేచిందంటే, పెనం మీద పెట్టిన చెయ్యి ఎలా లేస్తుందో అలా. ఆవిడ ముందు తన వేళ్ళకేసి చూసుకుంది, తర్వాత నా తలకేసి చూసింది, నా తల మీద దువ్విన దువ్వెనకేసి చూసింది. "ముందే చెప్పద్దా అమ్మా?" అని నన్నే అడిగింది. దువ్వెన పోయి పురుగుల మందు కలిపిన నీలం నీళ్ళ గ్లాసులో పడింది, క్లిప్పులు పడ్డాయి, కత్తెర పడింది. కాగితం మీద పడుకోబెట్టిన నా పాయని రెండు వేళ్ళతో కొస పట్టుకుని ఎత్తింది, చచ్చిన బల్లిని ఎత్తినట్టు, ఒక ప్లాస్టిక్ కవర్లో వదిలి మూతి బిగించేసింది. నేను నవ్వాను, నిజంగానే నవ్వాను, ఎందుకంటే అదొక చిన్న పొరబాటు, రెండు మాటల్లో తీరిపోతుంది అనుకున్నాను. "అయ్యో, అది పేరు మాత్రమేనండీ, దానికీ పేలకీ ఏం సంబంధం లేదు." "సంబంధం లేకపోతే పేర్లో ఎందుకుంటుంది? పేను కొరికితేనే వస్తుంది, మా చిన్నప్పుడు ఎంతమందిని చూడలేదు." "మరి సర్పి వస్తే పాము కరిచినట్టా? పులిపిరి లేస్తే పులి కొరికిందా?" "అవి వేరమ్మా." "కుక్కగొడుగు కింద కుక్క నిలబడుతుందా అండీ? పాలపిట్ట పాలిస్తుందా?" పిడుగు కిసుక్కున నవ్వింది, విగ్గు ఊగింది. ఇంకెవరూ నవ్వలేదు. నవ్వకపోయేసరికి నేను ఇంకా గట్టిగా మాట్లాడాను, మా ఇంట్లో అందరికీ ఉన్న రోగం అది, వినకపోతే గొంతు పెంచుతాం. "అసలు ఒక్క వెంట్రుక లేని తల మీద పేను ఎలా ఉంటుందండీ, ఏం పట్టుకుని వేలాడుతుంది?" పార్లరావిడ క్షణం కూడా ఆలోచించలేదు. "అదేగా నేననేది. ఈ తల ఖాళీ అయ్యాక పక్క తలకే కదా పోతుంది." అని, నా వైపు గడ్డంతో చూపించింది.

ఏం చెప్తాం దీనికి? చెప్పండి. తప్పే, కానీ ఎంత బాగా అతికిందో. ఇల్లు ఖాళీ చేసిన పేను పక్కింట్లో దిగుతుంది. పిడుగు నున్నటి తల నా మీదే సాక్ష్యం చెబుతోంది. పార్లరావిడ పేల దువ్వెన తెచ్చి నా తలంతా గీకింది, రబ్బరు బ్యాండుల మధ్య నుంచి, చెవుల వెనక, మెడ మీద, చర్మం మండింది, పక్క కుర్చీలో ఫేషియల్ చేయించుకుంటున్నావిడ మొహం నిండా తెల్లటి ముద్దతో కళ్ళు మాత్రం ఇటు తిప్పి కాళ్ళు పైకి లాక్కుంది. ఏం దొరకలేదు. "ఈపులు కంటికి ఆనవు" అంది పార్లరావిడ. దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే దాక్కున్నట్టు. డాక్టర్‌కి గుడ్డ కింద నుంచి చెయ్యి బయటికి లాగి ఫోన్ చేశాను, ఆదివారం, మోగి మోగి ఆగిపోయింది. ఫోన్లో ఆ జబ్బు గురించి వెతికి చూపించాను, మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని మర్యాదగా చూసింది, "ఫోన్లో ఏదైనా రాస్తారమ్మా" అంది. మళ్ళీ తనే, నెమ్మదిగా, "నువ్వు అబద్ధం చెప్తున్నావని కాదు. ఒకసారి ఒక ఇంటి నుంచి వచ్చిన జుట్టులో ఈపులు కనిపించాయని తయారుచేసేవాళ్ళు గోతం మొత్తం తగలబెట్టేశారు. ఎంతమంది ఆడపిల్లలు పెంచిన జుట్టో. ఆ మంట వాసన నాకు ఇంకా ముక్కులోనే ఉంది. అప్పట్నుంచి అనుమానం ఉన్న ఇంటి జుట్టు తీసుకోం. డాక్టర్ చేత రాయించుకుని తీసుకురా, తర్వాతి విడతలో చూద్దాం." తర్వాతి విడత ఎప్పుడు? మేడమ్ తలుపు వైపు చూసింది. మరి ఈ విగ్గు? "ఇది వరసలో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుందమ్మా, ఇక్కడ ఉంచడానికి లేదు."

గుడ్డ కింద ఫోన్ వణికింది. అక్క. నిద్ర లేచినట్టుంది. 'అయిందా మొద్దూ? పిల్ల ఫోటో పెట్టు. జుట్టుతో.' పక్కన ఒక నవ్వు మొహం. మా అక్క నవ్వు మొహాలు పెట్టదు, దానికి అవి ఎక్కడుంటాయో కూడా తెలీదు, వెతుక్కుని పెట్టుంటుంది. నేను దేని మీద అరవాలో తెలియక ఆ నవ్వు మొహం మీద అరిచాను, లోపలే. మేడమ్ దుర్మార్గురాలైతే బాగుండేది. పార్లరావిడ కావాలని చేసి ఉంటే ఇంకా బాగుండేది. ఇద్దరూ మంచివాళ్ళే, వెళ్ళి వాళ్ళ మీద ఉమ్మలేను, వాళ్ళు పిల్లల కోసమే చేస్తున్నారు, ఏ పిల్లల కోసమో, ఈ పిల్ల కోసం తప్ప. ఇందాక బంగారుతల్లి. ఇప్పుడు అదే పార్లరావిడ అట్టపెట్టె చాచి దూరంగా నిలబడి, "అది తీసి ఇందులో వెయ్యి పాపా" అంటోంది, నాన్నా లేదు తల్లీ లేదు. పిడుగు తియ్యలేదు. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, విగ్గుని అదిమి పట్టుకుని, అద్దంలోంచి నన్నే చూస్తోంది. దాని కళ్ళల్లో నేనేం తప్పు చెప్పాను అని లేదు, చెప్పమన్నదే చెప్పాను కదా అని కూడా లేదు. లెక్క చేస్తున్నట్టు ఉంది. పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు పిల్లలు ఒక మూల నిలబడి లెక్క చేస్తారే, ఎవరు ఎవరికి భయపడుతున్నారు అని, అలా.

మేడమ్ లేచి నా కుర్చీ దగ్గరికి వచ్చింది. వంగి, పార్లరావిడకి వినపడేలాగే కానీ రహస్యంలా మాట్లాడింది. "చూడమ్మా. నీ తల శుభ్రంగా ఉంది, మేం చూశాం. ఒకే ఇంట్లో ఉండే పిల్ల వల్లే కదా అనుమానం. పిన్నీ అని పిలిచినంత మాత్రాన సొంత పిన్నివి కానక్కర్లేదు, పిల్లలు పక్కింటివాళ్ళని కూడా పిన్నీ అనే అంటారు. ఈ పాప మీ ఇంటి పాప కాదు, ఎవరో తెలిసినవాళ్ళ పాప, మీ ఇంటికి రాకపోకలు లేవు. అంతే కదా? అలా అయితే నీ జుట్టుకి వంక లేదు. అనుమానం ఉన్న పిల్లకి ఇవ్వకూడదని రూలేం లేదు, తీసుకునేటప్పుడే రూలు. ఆ విగ్గు దాని తల మీదే ఉండనీ, తియ్యక్కర్లేదు. ఒక్క మాట నీ నోటితో చెప్పు, ఈవిడ కూడా వింటుంది, చాలు." చెప్పి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది, నా మొహం చూడక్కర్లేకుండా. పార్లరావిడ గ్లాసులోంచి కత్తెర తీసి గుడ్డతో తుడిచింది. తన షాపు, తన కస్టమర్లు, తనకీ ఒక మాట కావాలి, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి. "కాదు కదమ్మా మీ పిల్ల?" అంది, అవసరానికి మించి గట్టిగా, ముద్ద పూసుకున్నావిడ కోసం.

నా నోట్లో ముందు వచ్చింది బూతు. తర్వాత వచ్చింది 'మా పిల్లే' అన్న మాట, పళ్ళ దాకా వచ్చేసింది. రాత్రి నా జడ మఫ్లర్‌లా చుట్టుకుని పడుకునేది ఎవరు, నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని తిరిగేది ఎవరు, వంకర జడ వేసి ఆఫీసుకి పంపేది ఎవరు, మా పిల్ల కాకపోతే ఎవరి పిల్ల? కాదనడం ఎంత తేలిక, రెండక్షరాలు, దాని మూడో తరగతి దానికి వచ్చేస్తుంది, అక్కకి ఫోటో వెళ్ళిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలీదు. కానీ అది ఇక్కడే నిలబడి ఉంది కదా, రెండు చెవులతో. తల దించుకోకు, గట్టిగా చెప్పు అని బస్సులో నేర్పించింది నేనే కదా, బస్సు దిగి ఇంకా ఎండకి పట్టిన చెమటైనా ఆరలేదు. ఔనంటే, దాని చేత్తోనే విగ్గు తీయించి పెట్టెలో పెట్టించాలి, అందరి ముందు, పక్క కుర్చీ ముద్దమొహం ముందు, మళ్ళీ ఆ నీలం టోపీ, మళ్ళీ మంచం మీద కూడా తియ్యని టోపీ.

అప్పుడు పిడుగు వచ్చింది. అద్దం ముందు నుంచి కదిలి నా కుర్చీ పక్కకి వచ్చి, ఎప్పుడూ వచ్చినట్టు ఒడిలోకి ఒరగకుండా, కొంచెం దూరంలో ఆగింది. పాపిడి సర్దుకుంది. చెవి వెనక్కి పాయ తోసుకుంది. బడిలో కొత్త టీచరుతో మాట్లాడినట్టు, చేతులు వెనక్కి కట్టుకుని, నా మొహంలోకి చూసి నవ్వింది, నాకసలు తెలియని నవ్వు. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను పిన్నీ అని తప్ప పిలవని పిల్ల.

"థాంక్యూ ఆంటీ" అంది. "నేను మా ఇంటికి వెళ్ళిపోతా ఆంటీ, మా అమ్మ చూస్తూ ఉంటుంది."

మేడమ్ తుడవడం ఆపేసింది. పార్లరావిడ కత్తెర నా రెండో పాయ దగ్గరికి తెచ్చి, దాని నోరు తెరిచి, అలాగే పట్టుకుని ఆగింది. నేనొక్క మాట చెప్తే ఆ కత్తెర మూసుకుంటుంది, లేదా పక్కకి వెళ్ళిపోతుంది. గుడ్డ కింద నా చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు, పిడుగు కూడా, అది అందరికంటే ఎక్కువ. ఈ కుర్చీలో మీరుంటే, ఆ పిల్లని చూస్తూ, ఇప్పుడు మీరేమంటారు?